రిపేర్ కొట్టినా డేటా మళ్లీ మళ్లీ కరప్ట్ అవుతుంటే తప్పు ఎక్కడ వెతకాలి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. మూడు సిస్టమ్‌లు. అకౌంట్స్ గదిలో ఉన్న దాంట్లోనే ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా ఉంది. బిల్లింగ్ సిస్టమ్ లాన్ కేబుల్ మీద, వే బ్రిడ్జి గదిలోది వైఫై మీద అదే డేటాను తెరుస్తాయి. రెండు మూడు వారాలకోసారి మెమరీ యాక్సెస్ వయొలేషన్ అనో, ఇంటర్నల్ ఎర్రర్ అనో వచ్చి కంపెనీ తెరుచుకోదు. రిపేర్ కొడితే తెరుచుకుంటుంది. ఈసారి మాత్రం రిపేర్ తర్వాత కొన్ని సేల్స్ ఓచర్లు (అమ్మకాల ఎంట్రీలు) కనిపించడం లేదు, అప్పటికే వేసేసిన అమ్మకాల జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1కీ పుస్తకాలకీ తేడా వచ్చింది. హార్డ్‌వేర్ అబ్బాయి సాఫ్ట్‌వేర్ తప్పంటాడు, సాఫ్ట్‌వేర్ వాళ్లు సిస్టమ్ తప్పంటారు. కొత్త సర్వర్ కొంటే తీరిపోతుందా అని అడిగారు.

సర్వర్ సంగతి చివర్లో చెబుతాను. ముందు రిపేర్ సంగతి. ఆ ఆప్షన్ నొక్కినప్పుడు ప్రోగ్రాం మీ డేటా ఫైళ్లను వరసగా చదువుకుంటూ పోయి, చదవగలిగిన వాటిని మళ్లీ పేర్చి రాస్తుంది. చదవలేని వాటిని వదిలేస్తుంది. మీ సేల్స్ ఓచర్లు పోయింది అక్కడే. పైగా ముందే కాపీ తీయకపోతే రిపేర్ అయ్యాక పాత ఫైళ్లు ఉండవు కాబట్టి, ఏది ఎలా చెడిందో చూపించే ఆధారం కూడా పోతుంది. అందుకని ఇకమీదట ఎర్రర్ రాగానే మూడు సిస్టమ్‌లలోనూ ట్యాలీ మూసేసి, కంపెనీ డేటా ఫోల్డర్ మొత్తాన్ని తేదీ, టైము పేరుతో వేరే డిస్క్‌లోకి కాపీ తీయండి. ఆ తర్వాతే రిపేర్. లారీ గేటు దగ్గర బిల్లు కోసం ఆగి ఉన్నా సరే, ఆ పది నిమిషాలు ఆగాల్సిందే.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఎర్రర్ కనపడిన రోజూ, డేటా చెడిన రోజూ ఒకటే కానక్కర్లేదు. జూన్‌లో ఎక్కించిన ఓచర్ జూన్‌లోనే చెడిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. ఆగస్టులో ఆడిటర్ గారు ఆ పార్టీ లెడ్జర్ అడిగినప్పుడు ప్రోగ్రాం ఆ చోటికి వెళ్లి చదవబోతుంది, అప్పుడు బయటపడుతుంది. అందరూ ఆగస్టులో ఏం జరిగిందా అని వెతుకుతారు. ఈలోపు ప్రతి రాత్రీ తీసిన బ్యాకప్‌లన్నిటిలోకీ ఆ చెడిన ముక్కే వెళ్లి కూర్చుంటుంది. ఒకే పెన్‌డ్రైవ్ మీద రోజూ పాతదాని మీదే కొత్త బ్యాకప్ తీసేవాళ్లకు అసలుకే ఎసరు వచ్చేది ఇక్కడే. తేదీల వారీగా కొన్ని నెలల బ్యాకప్‌లు విడివిడిగా ఉంటే, మధ్యలో ఒకదాన్ని వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసి చూసి, బాగుంటే ముందుకు, చెడి ఉంటే వెనక్కి జరుగుతూ, ఏ రెండు తేదీల మధ్య దెబ్బ తగిలిందో తేల్చుకోవచ్చు. ఆ తేదీలు చేతికొస్తే సగం పని అయినట్టే.

బాగుందో లేదో ఎలా తెలుస్తుందంటే, డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్‌లో స్టేట్‌మెంట్స్ ఆఫ్ అకౌంట్స్ కింద స్టాటిస్టిక్స్ అని ఉంటుంది. సేల్స్ ఎన్ని, పర్చేజ్ ఎన్ని, రిసీట్ ఎన్ని, లెడ్జర్లు ఎన్ని, అన్నిటి లెక్కా అందులో కనపడుతుంది. రోజూ సాయంత్రం మూసేముందు దాన్ని ఒక ప్రింటో, ఫోన్‌లో ఒక ఫొటోనో తీసుకోండి. రిపేర్‌కు ముందూ తర్వాతా ఆ అంకెలు పోల్చితే ఏ రకం ఓచర్లు ఎన్ని పోయాయో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా సరిపోయింది కదా అని ఊరుకోకండి. ఓచర్ మొత్తంగా మాయమైతే డెబిట్, క్రెడిట్ రెండూ కలిసే పోతాయి, ట్రయల్ బ్యాలెన్స్‌కు ఏమీ తెలియదు.

ఇక కారణం వెతకడం. ఒక నోటుబుక్ పెట్టండి. ఎర్రర్ వచ్చిన తేదీ, టైము, ఏ సిస్టమ్‌లో ముందు కనిపించింది, ఆ క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారు, కరెంటు ఏమైనా ఊగిందా, ఎర్రర్ మాట ఏమిటి. ఫొటో తీస్తే ఇంకా మంచిది. మెమరీ యాక్సెస్ వయొలేషన్ అనే మాట చూసి ర్యామ్ పోయిందని తీర్మానించేయకండి. చెడిన రికార్డును చదవబోయి ప్రోగ్రాం తడబడినా అదే మాట వస్తుంది.

దాంతోపాటు ఒక చిన్న పరీక్ష పెట్టండి, దీనికి ఖర్చేమీ లేదు. అసలు కంపెనీ పక్కనే, అదే డేటా ఫోల్డర్‌లో ఒక ఉత్తుత్తి కంపెనీ తయారుచేసి, మూడు సిస్టమ్‌ల నుంచీ రోజూ నాలుగైదు ఓచర్లు కొడుతూ ఉండండి. అలాగే, రిపేర్ అయిన అసలు కంపెనీ కాపీ ఒకటి ఎవరిదైనా మంచి ల్యాప్‌టాప్‌లో వేసి, అప్పుడప్పుడు తెరిచి డే బుక్, స్టాక్ సమ్మరీ, పెద్ద పార్టీల లెడ్జర్లు చూస్తుండండి. ఉత్తుత్తి కంపెనీ కూడా చెడిందంటే తప్పు మీ ఆఫీసు వాతావరణంలో ఉంది: కరెంటు, కేబుల్, డిస్క్, ర్యామ్. ఉత్తుత్తిది బాగుండి, అసలుది మాత్రమే మళ్లీ చెడుతూ, ల్యాప్‌టాప్‌లో కాపీ కూడా అదే లెడ్జర్ దగ్గర ఆగిపోతుంటే, మునుపటి దెబ్బ తాలూకు ముక్క ఆ డేటాలోనే మిగిలిపోయిందన్న మాట. అప్పుడు ఎన్ని రిపేర్లు కొట్టినా లాభం లేదు. దెబ్బ తగలని బ్యాకప్‌కు వెళ్లి అక్కడి నుంచి మళ్లీ ఎక్కించుకోవాలి, లేదా మాస్టర్లు (లెడ్జర్లు, స్టాక్ ఐటెమ్‌ల పేర్లు), ఓచర్లు ఎక్స్‌ఎంఎల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త కంపెనీలోకి ఇంపోర్ట్ చేయాలి. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒకరి మీద ఒకరు తోసేసుకోవడానికి ఈ పరీక్ష తర్వాత అవకాశం ఉండదు.

మీరు చెప్పిన పరిస్థితిలో నా మొదటి అనుమానం కరెంటు మీద. రెండోది ఆ వైఫై మీద. మిగిలినవన్నీ తర్వాతే.

గ్రానైట్ ఫ్యాక్టరీలో ఆఫీసుకీ మిషన్లకీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లైన్ వస్తుంది. కట్టర్, గ్యాంగ్‌సా (బ్లాకును పలకలుగా కోసే రంపం) లాంటి వాటి పెద్ద మోటార్ నేరుగా స్టార్ట్ అయినప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్ ఉంటే అది మూడో వంతుకు తగ్గుతుంది, కానీ ఆ స్టార్టర్‌లో టైమర్ సరిగా లేకపోయినా, కాంటాక్టర్లు అరిగిపోయినా మళ్లీ మొదటికే వస్తుంది. ఆ క్షణంలో ఓల్టేజీ ఒక్కసారి కుంగుతుంది. ట్యూబ్‌లైట్ కన్ను కొట్టినట్టు అవుతుంది, ఎవరూ పట్టించుకోరు. కంప్యూటర్ లోపలి కరెంటు డబ్బా ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఇంచుమించు ఒక సైకిల్ వరకే, అంటే 16 నుంచి 20 మిల్లీ సెకన్ల దాకా ఆ లోటును భరించగలదు. అంతకు మించితే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, లేకపోతే డిస్క్ ఒక్క క్షణం తడబడి ఊరుకుంటుంది.

మీరు యూపీఎస్ ఉందని రాశారు. ఏ సంవత్సరంలో కొన్నారు? మామూలు 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. అది రెండు మూడేళ్లకు మించి గట్టిగా నిలబడదు, మన ఎండలకు ఇంకా ముందే చచ్చిపోతుంది. పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పరీక్ష చాలా సులువు: మధ్యాహ్నం భోజనాల వేళ ట్యాలీ మూసేసి, సిస్టమ్ ఆన్‌లో ఉండగానే యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకండి. ఐదు నిమిషాలు నిలబడకపోతే ఆ డబ్బా అక్కడ ఉన్నా లేనట్టే. ఇంకో సంగతి, లేజర్ ప్రింటర్‌ను ఎప్పుడూ అదే యూపీఎస్‌కు తగిలించకండి. లోపలి ఫ్యూజర్ (టోనర్‌ను కాగితానికి అంటించే వేడి రోలర్) వేడెక్కేటప్పుడు అది లాగే లోడుకు చిన్న యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి సిస్టమ్‌ను కూడా కూల్చేస్తుంది. యూపీఎస్ బదులు ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే, దాని వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, ఏ వైపు ఉందో చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది.

కరెంటు పోతే డేటా ఎందుకు చెడాలి, సేవ్ చేసింది సేవ్ అయినట్టే కదా అని అడుగుతారు కొందరు. అక్కడే ఉంది కిటుకు. మీరు ఎంటర్ కొట్టి ఓచర్ యాక్సెప్ట్ చేసినప్పుడు, ఓచర్ వివరం ఒక చోట, దాన్ని వెతికి పట్టుకునే సూచిక ఇంకో చోట రాయాలి. విండోస్ వాటిని కొద్దిసేపు మెమరీలో పెట్టుకుని, డిస్క్ కూడా తన సొంత క్యాష్‌లో ఇంకొద్దిసేపు పెట్టుకుని, తీరిక చూసుకుని రాస్తాయి. ఈ రెంటి మధ్యలో కరెంటు పోతే ఓచర్ ఉంటుంది, సూచిక ఉండదు. లేదా సూచిక ఉంటుంది, అది చూపించే చోట చెత్త ఉంటుంది. విండోస్ మళ్లీ లేచాక డిస్క్ బాగానే ఉందంటుంది, ఎందుకంటే విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైళ్ల పేర్లు, సైజులు, ఫోల్డర్ల లెక్క వరకే జర్నల్ రాసి కాపాడుకుంటుంది, ఫైలు లోపల ఏముందో దానికి పట్టదు. చెక్‌డిస్క్ కొట్టి ఏమీ తప్పు లేదని చూపించి చేతులు దులుపుకునే వాళ్లకు చెప్పాల్సిన మాట ఇదే.

డివైస్ మేనేజర్‌లో డిస్క్ ప్రాపర్టీస్, పాలసీస్ ట్యాబ్‌లోకి వెళ్లండి. రైట్ క్యాషింగ్ కింద, విండోస్ రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్ ఆపేయమనే రెండో టిక్ ఎవరైనా పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. వేగం పెరుగుతుందని వీడియోలు చూసి పెట్టేస్తుంటారు.

ఇదంతా ఊహ కాదని తేల్చుకోవడానికి విండోస్ దగ్గరే సాక్ష్యం ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కి, ఫిల్టర్‌లో 41, 6008, 7, 51, 55, 153 అని నంబర్లు ఇవ్వండి. 41, 6008 అంటే సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని. 7 అంటే డిస్క్‌లో బ్యాడ్ బ్లాక్. 51, 153 డిస్క్‌కు పంపిన పనికి ఎక్కడో అడ్డు తగిలిందని చెబుతాయి. 55 వస్తే ఫైల్ సిస్టమ్ నిర్మాణమే దెబ్బతిన్నదని. ఈ తేదీలనూ మీ నోటుబుక్‌లో తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

కావలిలో ఒక ఎరువుల దుకాణానికి ఇలాగే డేటా చెడుతుంటే ఈ లాగ్ తెరిచాను. 41 నంబరు దాదాపు ప్రతిరోజూ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉంది, ఆదివారాలు తప్ప. కరెంటు కోతలు అంత టైము ప్రకారం రావు కదా. ఆరా తీస్తే, కొట్టు కట్టేసేటప్పుడు గుమాస్తా దీపాలన్నీ ఆర్పడానికి మెయిన్ ఎంసీబీ ఒక్కటే దించేస్తున్నాడు. లోపల గదిలో సిస్టమ్ ఇంకా ఆన్‌లో ఉందని అతనికి తెలియదు, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. లోపల కూర్చున్నాయన ఆ టైముకు బ్యాకప్ మీద నొక్కి వెళ్లి చేతులు కడుక్కుంటుంటాడు. కంప్యూటర్ లైన్‌కు వేరే ఎంసీబీ పెట్టించి, బ్యాటరీ మార్పిస్తే అంతటితో ఆగింది. అప్పటిదాకా వాళ్లు ప్రోగ్రామే మార్చేద్దామని బేరాలాడుతున్నారు.

ఎర్తింగ్ కూడా చూపించండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏసీ ఓల్టేజీ కొలిస్తే రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. చాలా ఫ్యాక్టరీ ఆఫీసుల్లో పది దాటుతుంది, ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోసి ఏళ్లు గడిచి ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వానలూ పిడుగులూ ఎక్కువ కాబట్టి ఆ పని దసరాలోపు చేయించుకుంటే మేలు.

ఇప్పుడు నెట్‌వర్క్. వే బ్రిడ్జి గది నుంచి వైఫై మీద ట్యాలీ డేటాను తెరవడం ఈ రోజే ఆపేయండి. వైఫైలో యూట్యూబ్ బాగా వస్తుంది కదా అంటారు. వీడియో మధ్యలో తెగితే కాసేపు సున్నా తిరిగి మళ్లీ అందుకుంటుంది. డేటా ఫైలును అవతలి సిస్టమ్ నుంచి తెరిచి ఉంచినప్పుడు అలా కుదరదు. రాయడం మొదలుపెట్టి సగంలో తెగితే ఆ సగమే ఫైల్లో మిగులుతుంది. మీ యార్డులో రెండు గదుల మధ్య బ్లాకుల వరస, పైన ఇనుప రేకులు, మధ్యలో నిలబడే లారీలు. లారీ వచ్చి వే బ్రిడ్జి మీద ఎక్కిన ప్రతిసారీ సిగ్నల్‌కు అడ్డం నిలబడుతుంది, సరిగ్గా అప్పుడే కదా మీ వాళ్లు ఓచర్ కొట్టేది.

కేబుల్ లాగించండి. నెట్‌వర్క్ స్విచ్ (సిస్టమ్‌లన్నిటినీ కేబుళ్లతో కలిపే డబ్బా) నుంచి సిస్టమ్ దాకా మొత్తం 100 మీటర్లు దాటకూడదు. దాటితే మధ్యలో ఇంకో స్విచ్ పెట్టాలి, ఇంకా దూరమైతే ఫైబర్ మేలు, పిడుగుల భయమూ తగ్గుతుంది. మోటార్ ప్యానెల్‌కు వెళ్లే పవర్ కేబుళ్లతో కలిపి ఒకే పైపులో లాన్ కేబుల్ తోయకండి. కేబుల్ వేయడం కుదరకపోతే, వే బ్రిడ్జి సిస్టమ్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు సిస్టమ్‌లోకి వచ్చి అక్కడే ట్యాలీ నడపమనండి. అప్పుడు వైఫై మీద వెళ్లేది తెర బొమ్మ, కీబోర్డు నొక్కులు మాత్రమే. తెగినా డేటాకు ఏమీ కాదు. కాకపోతే మామూలు విండోస్ ప్రో ఒకసారికి ఒక్కరినే రానిస్తుంది, విండోస్ హోమ్ అసలు రానివ్వదు. కాబట్టి దానికంటూ విడిగా ఒక సిస్టమ్ కేటాయించాలి.

కేబుల్ మీదున్న బిల్లింగ్ సిస్టమ్ సంగతి కూడా వదలకండి. ఇందుకూరుపేట తీరం వైపు ఒక రొయ్యపిల్లల హేచరీలో చూసిన విషయం చెబుతాను. సర్వర్‌గా వాడే సిస్టమ్, స్విచ్, కార్డులు అన్నీ గిగాబిట్‌వే. నెట్‌వర్క్ స్టేటస్‌లో మాత్రం స్పీడ్ 100 ఎంబీపీఎస్ అని చూపిస్తోంది. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. అంటే ఎక్కడో ఒక జత తెగిందన్న మాట. జాక్ పీకి వెలుతురులో పెట్టి చూస్తే, బంగారు రంగులో ఉండాల్సిన పిన్నుల్లో రెండు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. సముద్రపు గాలిలో ఉప్పు, ట్యాంకుల పక్కన తడి. నడుస్తూనే ఉంటుంది, అప్పుడప్పుడు ఒక క్షణం తెగి మళ్లీ అతుక్కుంటుంది. తెగిన ఆ క్షణం ఎవరో ఓచర్ సేవ్ చేస్తూ ఉంటే అయిపోయినట్టే. మీ దగ్గర ఉప్పు లేదు గానీ గ్రానైట్ పొడి ఉంది. సన్నటి ఆ బూడిద తడి తగిలిందంటే సిమెంటులా గట్టిపడి జాకుల్లోనూ, ఫ్యానుల్లోనూ పేరుకుంటుంది.

మీ దగ్గర చూడాల్సింది: ముందు లింక్ స్పీడ్. తర్వాత క్లయింట్ సిస్టమ్‌లో (మీ బిల్లింగ్ సిస్టమ్‌లా డేటాను నెట్‌వర్క్ మీద తెరిచేది) కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్వర్ ఐపీకి, అంటే డేటా ఉన్న సిస్టమ్ నంబరుకు, పింగ్ మైనస్ టీ పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేయండి. మంచి కేబుల్ మీద ఒక్క ప్యాకెట్టూ పోకూడదు, టైము ఒక మిల్లీ సెకనుకు దరిదాపుల్లోనే ఉండాలి. కట్టర్ స్టార్ట్ అయినప్పుడల్లా రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ పడుతుంటే స్విచ్ కరెంటు కూడా కుంగుతోందని అర్థం. ఇది చాలాచోట్ల చూస్తాను: సిస్టమ్‌లన్నిటికీ యూపీఎస్ ఉంటుంది, మధ్యలో ఉన్న స్విచ్ మాత్రం గోడ ప్లగ్గు మీద ఉంటుంది. అన్నిటికీ ముందు దానికే కదా యూపీఎస్ ఇవ్వాల్సింది. ఆఖరుగా, ప్రతి సిస్టమ్‌లోనూ నెట్‌వర్క్ కార్డు పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపవచ్చు అనే టిక్ తీసేయండి, డేటా ఉన్న సిస్టమ్‌ను స్లీప్‌లోకి వెళ్లనివ్వకండి. భోజనానికి వెళ్లి వచ్చేసరికి సర్వర్ నిద్రపోయి ఉండటం, క్లయింట్‌లో కంపెనీ తెరిచే ఉండటం మంచిది కాదు.

డిస్క్, ర్యామ్ గురించి తొందరగా చెప్పేస్తాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో 05, సీ5, సీ6, సీ7 వరసల్లోని రా విలువలు చూడండి. సీ5 సున్నా కాకపోతే చదవడానికి మొండికేస్తున్న సెక్టార్లు ఉన్నట్టు, ఆ డిస్క్‌ను వెంటనే మార్చాలి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ బాగానే ఉండి సాటా కేబుల్ చెడి ఉండొచ్చు. తక్కువ ధరలో పోయే కేబుల్ కోసం డిస్క్ మార్చేవాళ్లున్నారు. ర్యామ్ మీద అనుమానముంటే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ పనికిరాదు. ఇంకో మోటు పరీక్ష: రెండు మూడు జీబీల ఫైలు ఒకదాన్ని అదే డిస్క్‌లో నాలుగైదు కాపీలు తీసి, సెర్ట్‌యుటిల్ హ్యాష్‌ఫైల్ కమాండ్‌తో అన్నిటికీ ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్) తీయండి. అన్నీ ఒకటే రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ర్యామ్, డిస్క్, కేబుల్‌లలో ఏదో ఒకటి అబద్ధం ఆడుతోంది, ఇక సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే పని లేదు.

డేటా ఫోల్డర్ ఎక్కడుందో కూడా చూడండి. డెస్క్‌టాప్ మీదో, డాక్యుమెంట్స్‌లోనో ఉంటే, విండోస్ 11లో చాలాసార్లు అవి వన్‌డ్రైవ్‌లో భాగమై ఉంటాయి. మీరు ఓచర్ కొడుతుండగా అది అదే ఫైలును పైకి పంపాలని చూస్తుంది. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో డేటా పెట్టి, ఆఫీసులో ఒకరు, ఇంటి దగ్గర ఓనర్ గారు తెరిచే పద్ధతి ఇంకా ప్రమాదం. ఇద్దరూ ఒకేసారి రాస్తే ఒకరి పని పోతుంది, లేదా సగం ఫైళ్లు ఇటువి, సగం అటువి కలిసిపోతాయి. బ్యాకప్ ఫైలు డ్రైవ్‌లోకి పంపడం మంచి అలవాటే, నడుస్తున్న డేటా మాత్రం అక్కడ ఉండకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా కంపెనీ తెరవడమూ అంతే. యాంటీవైరస్‌లో డేటా ఫోల్డర్ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండి, డిస్క్ మొత్తానికి కాదు. ఎవరైనా రాసిచ్చిన టీడీఎల్‌లు (ట్యాలీకి అదనంగా తగిలించే ప్రోగ్రాంలు) ఉంటే అన్నీ ఆపేసి కొన్ని వారాలు నడిపి చూడండి. మూడు సిస్టమ్‌లలో ట్యాలీ ఒకే రిలీజ్‌లో ఉందా చూసుకోండి. క్రాక్ వెర్షన్ అయితే నేను ఇంతకన్నా ఏమీ చెప్పలేను, దాని లోపల ఏం మార్చారో ఎవరికీ తెలియదు.

వీటిలో ఒక్కొక్కటే మార్చండి, మార్చిన తేదీ నోటుబుక్‌లో రాయండి. అన్నీ ఒకేరోజు మార్చేస్తే తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు, మళ్లీ వస్తే మొదటి నుంచి వెతకాలి. వైఫై, యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఆగకుండా చేసేయండి.

ఇప్పుడు మీ సర్వర్ ప్రశ్న. ఇదే కరెంటు, ఇదే వైఫై మీద పెడితే కొత్త సర్వర్‌లోనూ ఇదే జరుగుతుంది, ఖరీదు మాత్రమే పెరుగుతుంది. ముగ్గురు మనుషుల ఆఫీసుకు సర్వర్ అక్కర్లేదు. ఒక మంచి ఎస్‌ఎస్‌డీ, ఎవరూ బిల్లింగ్‌కు వాడకుండా డేటా కోసమే పక్కన పెట్టిన ఒక మామూలు సిస్టమ్, దానికీ స్విచ్‌కీ కలిపి ఒక ఆన్‌లైన్ రకం యూపీఎస్ (కరెంటు పోయినా ఒక్క క్షణం కూడా తెగనిది) చాలు. ఓనర్ గారు కొనడానికి సిద్ధంగా ఉంటే ఆ డబ్బు ఎర్తింగ్, కేబులింగ్ మీద పెట్టమనండి.

పోయిన ఓచర్ల సంగతి. రిపేర్‌కు ముందు తీసిన బ్యాకప్ ఏదైనా ఉంటే వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసి, స్టాటిస్టిక్స్ పోల్చి, లేని ఓచర్లను మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోండి. లేకపోతే బయట నుంచి కూడగట్టాలి. టర్నోవర్ 5 కోట్లు దాటితే 2023 ఆగస్టు 1 నుంచి జీఎస్టీ నంబరున్న పార్టీలకు వేసే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కాబట్టి అలాంటి మీ బిల్లులు ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ దాకా వెళ్లే ఉంటాయి. జీఎస్టీఆర్-1లో వేసినవి జీఎస్టీ పోర్టల్‌లో ఉన్నాయి. ఈ-వే బిల్లులు, వే బ్రిడ్జి చీటీలు, పార్టీలకు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇవన్నీ పక్కన పెట్టుకుంటే ఒక్క బిల్లూ తప్పిపోదు.

ఎక్కించే ముందు ఒకటి చూసుకోండి. సేల్స్ ఓచర్‌కు ఆటోమేటిక్ నంబరింగ్ ఉంటే, మధ్యలో కొన్ని పోవడం వల్ల ఆ తర్వాతి బిల్లుల నంబర్లు వెనక్కి జరిగి ఉండొచ్చు. పార్టీ చేతిలో ఉన్న బిల్లు నంబరూ మీ పుస్తకంలో నంబరూ వేరవుతాయి. చివరి పది బిల్లులు ప్రింటు కాపీలతో సరిచూసి, తేడా ఉంటే నంబరింగ్ మాన్యువల్‌కు మార్చి పాత నంబర్లే వేయండి. ట్యాలీప్రైమ్ 3.0 నుంచి పాత నంబరు అలాగే నిలబెట్టే ఆప్షన్ ఉంది, ఇకమీదట అది పెట్టుకోండి.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకో పని ఉంది. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రెయిల్ (ఎప్పుడు ఏం మార్చారో రాసిపెట్టే ఎడిట్ లాగ్) ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే పుస్తకాలు ఉండాలి. పాత తేదీ వేసి ఇప్పుడు ఎక్కించిన ఓచర్, ఎడిట్ లాగ్‌లో ఈ రోజు ఎక్కించినట్టే పడుతుంది. రిటర్న్ వేశాక బిల్లులు పుట్టించారా అని ఆడిటర్ గారు అడక్కముందే, ఏ తేదీన ఎర్రర్ వచ్చింది, ఎప్పుడు రిపేర్ కొట్టారు, ఏ నంబర్ల బిల్లులు పోయాయి, వేటిని చూసి మళ్లీ ఎక్కించారు అన్నది ఒక కాగితం మీద రాసి, ఓనర్ గారి సంతకంతో, ఎర్రర్ ఫొటోలు జతచేసి ఫైల్లో పెట్టండి. చెడిపోయిన ఆ డేటా కాపీ ఉంటే దాన్ని కూడా చెరిపేయకండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు, కంపెనీల చట్టం ప్రకారం 8 ఏళ్లు దాచాలి. ఈవెంట్ వ్యూయర్‌లో 41, 6008 తేదీలు, లింక్ స్పీడ్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఫొటో ఈ మూడూ తీశాక చెప్పండి, అక్కడి నుంచి చూద్దాం.